ఆవిడ అడగడం మానేశాక

రియాద్‌లో నేను పనిచేసిన బ్రిటిష్ బ్యాంకులో, అనుమానం ఉన్న ఖాతాలు పరిశీలించే కాకినాడ మేడమ్ ఒకావిడ ఉండేవారు. సంతకానికి ఎవరు పెన్ను తీసినా "చదివే పెడుతున్నారా అండీ?" అనేవారు. నాకది చాదస్తంగా తోచేది. మేనేజరు పంపిన కాగితాలపై చదవకుండానే సంతకాలు పెట్టేవాణ్ణి.

ఒకరోజు నుంచి ఆవిడ నన్ను అడగడం మానేశారు. టీ మాత్రం ఎప్పటిలాగే పోసిచ్చేవారు. నా మీద నమ్మకం కుదిరిందనుకుని సంబరపడ్డాను.

నాలుగు నెలలకు లండన్ నుంచి లాయర్లు వచ్చారు. నేను సంతకం పెట్టినవన్నీ పన్ను ఎగ్గొట్టిన డబ్బు దాచే బూటకపు కంపెనీల కాగితాలు. ఆ సంగతి నాలుగు నెలల కిందటే లండన్ హెడ్డాఫీసుకు రాసింది మేడమే. రాశాక మాకు సూచనగా చెప్పినా వాళ్ల చట్టంలో నేరమేనట.

"ఒక్క మాటైనా చెప్పొచ్చు కదా మేడమ్?" అన్నాను.

ఆవిడ నా గ్లాసులో టీ పోశారు.

"అడగగలిగినన్నాళ్లూ రోజూ అడిగాను కదండీ."