బాపు కంట్లో పాతదెంత, కొత్తదెంత

నా చిన్నప్పుడు మేము షోలాపూర్ భవాని పేట్‌లో ఉండేవాళ్లం. మా బాపు, అంటే నాన్న, పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. నాకు పదేళ్లప్పుడు, ఒక మధ్యాహ్నం మగ్గంలోంచి ధోటా ఎగిరొచ్చి ఆయన ఎడమ కంటికి తగిలింది. ధోటా అంటే పోగును అటూ ఇటూ మోసే చెక్క నాడె, కొనలకు ఇనుప ములుకులుంటాయి. ఆ కన్ను పూర్తిగా పోయింది. ఒంటికంటితో తెగిన పోగు చేతికి అందక బాపు పని మానేశాడు.

ధోటా ఎగిరి రాకుండా మగ్గానికి అడ్డంగా జాలీ పెట్టించమని పనివాళ్లు ఎన్నిసార్లు అడిగినా కార్ఖానా సేఠ్ వినలేదు. అందుకే కోర్టుకెళ్లాం. ఇక మా ఇల్లు గడవాలంటే ఆ నష్టపరిహారమే దిక్కు.

కోర్టు పంపిన డాక్టరు దగ్గరికి బాపు నన్ను తోడు తీసుకెళ్లాడు. దెబ్బకు ముందు ఆ కన్ను ఎలా ఉండేదని డాక్టరు అడిగాడు. మా నేతవాళ్లకొక అలవాటుంది. చద్దరు అప్పజెప్పేటప్పుడు అందులో తప్పుంటే, సేఠ్ పట్టుకోకముందే నేసినవాడే అక్కడ రంగు పోగు కట్టి చూపిస్తాడు. దాచిపెట్టినవాడికి పేటలో మర్యాద ఉండదు. మా మహానుభావుడు డాక్టరు ముందు కూడా అదే చేశాడు. ఆ కన్ను రెండు మూడేళ్లుగా కాస్త మసకేనని, వచ్చీరాని మరాఠీలో అడగనిదంతా చెప్పేశాడు.

చూపు పోవడంలో సగం పాత జబ్బుది, సగం ధోటాది అని డాక్టరు రాశాడు. కోర్టు పరిహారాన్ని సగానికి కోసింది. పై కోర్టుకు పోయే శక్తి మాకు లేదు.

తీర్పు విన్న రోజు ఇంటికొచ్చి నేను బాపు మీద మండిపడ్డాను. ఒక్క అబద్ధమాడితే ఏం పోయేదని ఏడ్చాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. బీడీలు చుడుతున్న మా బాపమ్మ, అంటే బాపు తల్లి, చాట పక్కన పెట్టి నేను కప్పుకునే పాత చద్దరు తెచ్చింది. ఒక కొస నా చేతికిచ్చి గట్టిగా గుంజమంది. గుంజాను. నడిమధ్య పర్రున చిరిగింది.

"ఎవలు చింపిన్రే?" అంది.

"పాతది గదనే, పల్చగుండె."

"పల్చగుండె, నిజమే. మరి నిన్నటిదాంక కప్పుకొని పన్నవ్ గద?"

ఆ మసక కంటితోనే బాపు అన్నేళ్లూ మగ్గం నడిపాడు, మమ్మల్ని సాకాడు. ఈ సంగతి డాక్టరు రాయలేదు, మా వకీలుకు తోచలేదు. తోచిన బాపమ్మను కోర్టులోకి ఎవరు పిలుస్తారు? ఆమె మళ్లీ చాట ముందేసుకుంది. బాపు ఇటు తిరగనేలేదు.

ఇప్పుడు నాకూ మనవరాళ్లున్నారు. ఎవరికైనా పనిలో దెబ్బ తగిలిందంటే చూడబోయిన వాళ్లంతా ఇంతకుముందే ఏమన్నా ఉండేదా అని ఆరా తీస్తారు. నేను మాత్రం, నిన్నటిదాకా ఏమేం పనులు చేసుకున్నావని అడుగుతాను. ఆనాడు డాక్టరు గదిలో బాపును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు పక్కనే నిలబడ్డ నాకు తెలుసు. నేనూ చెప్పలేదు.