దారం కట్టి చూడమన్న ఉస్తాద్

పొద్దుగాల ఆరున్నరకు శాలిబండల మా ఉస్తాద్ ఇంటి ముందట స్కూటీ ఆపి, అర లీటర్ పాలు పోద్దామని గిన్నె కోసం చెయ్యి చాపిన. గిన్నె రాలే. ఉస్తాద్ వాళ్ళ అన్న కొడుకు బయటికొచ్చిండు. "ఇయ్యాల పాలు వద్దక్కా. చాచా పోయిండు. తెల్లారగట్ల, ఫజర్ నమాజ్ టైంల," అన్నడు. దానికి నేనేమన్ననో తెలుసా? "మరి నా వెల్డింగ్?" అన్న. సావు ఇంటి ముందు నిలబడి ఎవరన్న గిట్ల అడుగుతరా! నోట్లకెళ్ళి వచ్చేసింది, ఏం చెయ్యాలె. ఉస్తాద్ ఇని ఉంటే పడి పడి నవ్వుతుండె.

మూడొద్దులు ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. మా అమ్మ పెద్ద ఫ్లాస్కు నిండ చాయ్ చేసిచ్చింది. అది వాళ్ళకిచ్చి ఇంటికొచ్చి, ఆకిట్ల సగం కోసిన బండి ముందు కూసుండి మస్తు ఏడ్సిన.

ఆయనెవరో మీకు చెప్పాలె. యాక్సిడెంట్లల్ల వంకర పోయిన బండ్ల చాసిస్ సక్కగ చేసుడు ఆయన పని. ఎక్కడెక్కడి బండ్లో ఆయన షాపుకే వచ్చేటివి. నాలుగేండ్ల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యికి వణుకుడు పట్టింది. షాపు అన్న కొడుకు చూసుకుంటుండె. ఉస్తాద్ షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీల కూసుండి, పోయే బండ్ల చప్పుడు విని "చైన్ వదులైంది," "వాల్వులు కొట్టుకుంటున్నయ్" అని తనకు తానే చెప్పుకుంటుండె. పాలు పోసి పోంగ నేను ఒక్కదాన్నే నిలబడి వింటుంటి.

మాది లాల్‌దర్వాజల పాల దందా. మా బాపు ఇరవై ఏండ్లు ఒక్క మోటర్‌సైకిల్ మీదనే క్యాన్లు మోసిండు. ట్రాలీ ఆటో కొన్నంక ఆ బండి ఆకిట్ల మూలకు పడి తుప్పు పట్టింది. నాకేమో దాన్ని కేఫ్ రేసర్ చెయ్యాలని పిచ్చి. హ్యాండిల్ కిందికి దించి, ఎనక భాగం కోసి కురచ చేసి, ఒక్కరే కూసునే సీటు పెట్టాలె. "పాలోళ్ళ బిడ్డకు రేసులెందుకే?" అని బాపు ఒకటే లొల్లి. ఆఖరికి మాట ఇచ్చిండు: "దసరాకు ఆ మూలల పెద్ద ఫ్రిజ్ పెట్టాలె. అప్పటికి బండి నడిస్తె నీది. నడవకుంటె పాత ఇనుము కొనే కబాడీకి." మా బాపు మాట అంటే మాటనే, ఏడ్చినా మారదు.

వేరే షాపులల్ల సాయం అడిగితే ఆడపిల్ల అని నవ్విర్రు. ఉస్తాద్‌ను అడిగిన. "నా చేతులు పని బంద్ చేసినయ్ బిడ్డా," అన్నడు.

"చేతులు నాయి ఉన్నయి గదా. మీరు కన్ను తెండ్రి చాలు."

ఆయన నా చేతులు తిరగేసి మరగేసి చూసిండు. "బర్రెలు పితుకుతవా?"

"చిన్నప్పటిసంది."

"అయితే గ్రైండర్ పట్టుకుంటవ్," అన్నడు. తెల్లారి షేర్ ఆటో దిగి మా ఆకిట్ల స్టూలేసుకొని కూసున్నడు.

ఒక్క పానా ముట్టలే ఆయన. నట్టు రాక నేను చెమటలు కక్కుతున్నా లేవకపోతుండె. నెల రోజులు బండిని ముట్టనియ్యలే, పాత ఇనుప ముక్కలు అతికిపిచ్చిండు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకు అతుక్కపోయి నేను కోపానికి వస్తే, "ఆహిస్తా, మెల్లగ. ఇనుముకు ఫికర్ లేదు, నీకెందుకు?" అంటుండె. అతికిన ముక్కను నేలకేసి కొట్టిపిస్తుండె. ఇరిగితే మళ్ళ మొదలు.

ఆయన చెయ్యి వణుకుతదని మా అమ్మ కప్పుల సగమే చాయ్ పోసేది. రెండొద్దులు చూసి, "పాల దందా చేసుకుంటా గింత కంజూసితనమా అమ్మా?" అన్నడు. ఆనాటి సంది నిండ పోసింది. సాసర్ల ఒంపుకునేటప్పుడు సగం అంగీ మీదనే పడేది. తుడుసుకోకుంట తాగేటోడు. జాలి పడనియ్యలేదు ఎవల్నీ.

ఇగ నా ఘనకార్యం చెప్త. సీటు కింది ఎనక పైపులు కోసే రోజు ఆయనకు జ్వరం, రాలే. నేను ఆగుతనా? టేపు పెట్టి రెండు దిక్కుల సరిగ్గ ఒక్కటే కొలత తీస్కొని కోసేసిన. గుండ్రంగ వంచిన పైపును వాటికి అతికిన. వెల్డింగ్ నున్నగ వచ్చిందని మురిసిపోయిన. సీటు పెట్టి చూస్తే ఎడమ దిక్కు ఒరిగి ఉన్నది! మళ్ళ కొలిచిన. కొలత సరిగ్గనే ఉన్నది.

రెండొద్దులకు ఉస్తాద్ వచ్చి, తిట్టకుంట జేబుల నుంచి కాటన్ దారం ఉండ తీసిండు. హ్యాండిల్ మెడ నడిమిట్ల కట్టి ఎనక చక్రం నడిమిదాంక గుంజుమన్నడు. గుంజిన. నేనతికిన పైపు దారానికి బొటనవేలంత ఎడమకు పోయి ఉన్నది.

"మీ బాపు పెద్ద క్యాన్ ఏ దిక్కు కడుతుండె?"

"ఎడమకు. కుడికి చిన్నది."

"ఇరవై ఏండ్లు మోసిన బరువు నీ టేపుకేం తెలుసు బిడ్డా? బండి వంగి ఉన్నది. వంగినదాన్ని సరి కొలిస్తే వంకరనే వస్తది. ముందు దారం కట్టి చూడాలె." అని నవ్విండు. "కోసెయ్. మళ్ళ చెయ్యి."

ఆ నున్నటి వెల్డింగ్‌ను నా చేతులతోనే కోసిన. బాపు గేటు కాడ నిలబడి చూసి, "కబాడీకి ఫోన్ చెయ్యాలెనా?" అన్నడు. ఉస్తాద్ ఆయన దిక్కు తిరిగి, "దసరా ఇంక రాలేదు భాయ్," అన్నడు.

దారానికి సరి చూసి కొత్త పైపులు కోసుడు అయింది. అతుకుడే మిగిలింది. గప్పుడే ఆయన పోయిండు. దసరాకు పన్నెండు రోజులున్నయి.

నాలుగో రోజు ఉస్తాద్ అన్న కొడుకు వచ్చిండు. మంచోడే పాపం. "చాచా చెప్పి పోయిండక్కా, నీకు సాయం కావాలంటే చెయ్యుమని. షాపుకు తే, పది నిమిషాల పని," అన్నడు. నిజం చెప్తున్న, మనసు గుంజింది. వాని చేతి వెల్డింగ్ చూస్తే కుట్టు మిషన్ ఏసినట్టు ఉంటది. నాది మళ్ళ వంకరైతె బండి కబాడీకే. కానీ వాడు అతికితే అది వాని బండి అవుతది. ఇన్ని రోజులు ఆ మనిషి వణికే చెయ్యితోటి ఆటోలెక్కి వచ్చింది నేను షాపు కాడ నిలబడి చూసేతందుకా? "వద్దన్నా. నేనే చేస్త. అయినంక నువ్వు కొట్టి చూడు," అన్న.

తెల్లారి మధ్యాహ్నం ట్యాంకు దించి, బ్యాటరీ తీసి, దారం కట్టిన. ముందు వెల్డింగ్ చుక్క చుక్క పెట్టిన, దారం చూసిన, ఇంకో చుక్క పెట్టిన. రెండుసార్లు రాడ్డు అతుక్కున్నది. తిట్టుకోలే. సాయంత్రానికి అయింది. అందంగ లేదు, గడ్డలు గడ్డలుగ ఉన్నది. అన్న కొడుకు వచ్చి సుత్తెతోటి నాలుగు దిక్కుల కొట్టిండు, పైపు మీద నిలబడి ఎగిరిండు. "సూరత్ లేదు గానీ, పట్టింది," అన్నడు.

దసరా ముందటి రోజు బండి ఆకిట్ల స్టార్ట్ అయింది. బాపు చుట్టూ తిరిగి చూసి, చెప్పులిడిచి ఎక్కి, ముందుకు వంగి, "నడుము ఇరుగుతది గదనే!" అన్నడు. దిగనైతే దిగలే. గల్లీ చివరిదాంక పోయి వచ్చిండు. మూలల పెట్టాల్సిన ఫ్రిజ్ మెట్ల కిందికి పోయింది.

నేను సీదా శాలిబండకు పోయిన. ఉస్తాద్ ఇంటామె చాచీ ఇద్దత్‌ల ఉన్నది. మొగడు పోయినంక నాలుగు నెలల పది రోజులు గడప దాటొద్దు. అందుకే బండిని గడపకు ఆనిచ్చి పెట్టి, "చాచీ, బండి తెచ్చిన," అని కేకేసి కిక్కు కొట్టిన. మూడో కిక్కుకు అందుకున్నది. సన్న గల్లీ, గోడలు దద్దరిల్లినయి. దుఃఖంల ఉన్న మనిషిని సతాయిస్తున్ననేమో అని తాళం మీద చెయ్యి పెట్టిన.

"బంద్ చెయ్యకు," పరదా ఎనకనుంచి చాచీ గొంతు. "ఇంకొంచెం రేస్ ఇయ్యి బిడ్డా."

ఇచ్చిన. గల్లీ అంతట తలుపులు తెరుసుకున్నయి. పరదా పొగకు ఊగుతుంటే, దాని అంచు పట్టుకున్న నాలుగు వేళ్ళు కనవడ్డయి. నేను ఇంజన్ నడిపిచ్చినంత సేపు అవి అట్లనే ఉన్నయి.