మూడో బొమ్మలో నేను

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా స్కూల్లో ఓ పని ఇచ్చారు. ఇంట్లో జరిగే ఒకే దృశ్యాన్ని రెండు పద్ధతుల్లో గీయాలి. ఒకటి యూరప్‌లో పాతకాలపు చర్చి గోడల మీద ఉన్నట్టు, రెండోది ఆ తర్వాత వచ్చిన చిత్రకారులు కొత్తగా నేర్చుకున్నట్టు. అమ్మాయి మా శనివారం భోజనాలను ఎంచుకుంది. మేం దేశం వదిలొచ్చి స్థిరపడ్డ గిరావీన్‌లో మా ఇంట్లో శనివారమంటే నాలుగు కుటుంబాలు రావాల్సిందే. మగవాళ్ళం ముందు కూర్చోవాల్సిందే, మా ఆవిడ వంటింటి గుమ్మంలో కాచుకుని వడ్డించాల్సిందే.

మొదటి బొమ్మ నాకు తెగ నచ్చింది. వెనకంతా బంగారు రంగు. నడిమధ్య కొండంత నేను. మా ఆవిడ నా మోకాలి ఎత్తు కూడా లేదు.

"అప్పట్లో ఇంపార్టెంట్ వాళ్ళని పెద్దగా వేసేవాళ్ళు నాన్నా. రియల్ సైజ్ డజన్ట్ మ్యాటర్" అంది.

ఆ రోజుల్లో మనుషులకు బుద్ధుండేదన్నాను. ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. ఆ సంతోషంలోనే, పదకొండో తరగతిలో ఆర్ట్ తీసుకునేందుకు ఫారం మీద సంతకం పెడతానని కూడా ఒప్పుకున్నాను. అది గెంతులేసింది. అంతవరకూ మా ఇంట్లో లెక్కలూ ట్యూషన్లూ తప్ప వేరే మాట లేదు.

రెండో బొమ్మను తర్వాతి శనివారం, మేమంతా తింటుండగా తెచ్చింది. అన్నిటికన్నా ముందు, పెద్దగా, గరిటె పట్టుకున్న చెయ్యి, మణికట్టు మీద కాలిన మచ్చతో సహా. తర్వాత పప్పు గిన్నె, ఉప్పు డబ్బా. బల్ల సన్నబడుతూ కిటికీ దాకా పోయింది. ఆ చివర బొటనవేలి గోరంత నేను, నోరు తెరిచి, వేలు చూపిస్తూ.

"అన్నా, ఉప్పు డబ్బా కన్నా చిన్నగున్నావే!" అన్నాడు ఒక మిత్రుడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇట్స్ నాట్ అబౌట్ యూ" అంది అమ్మాయి కంగారుగా. "కొత్త పద్ధతిలో ఒక చోట నిలబడి చూడాలి. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా. ఇది అమ్మ నిలబడే చోటు."

"వడ్డించేదానికి కళ్ళెందుకే, చేతులు చాలు" అన్నాను, మా ఆవిడకు వినపడేలాగే. "నన్ను పెద్దగా గీసుకురా. అప్పుడే సంతకం."

మా ఆవిడ వచ్చి నా విస్తట్లో పులుసు పోసి వెళ్ళింది.

ఫారం ఇవ్వాల్సిన ఆఖరి రోజున మూడో బొమ్మ వచ్చింది. కాగితం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నా మొహమే. మీసం మీద మెతుకు, నుదుటి మీద ఉబ్బిన నరం, పళ్ళు. అచ్చం నేనే, కాదనడానికి లేదు.

"మిగతావాళ్ళేరి?"

"యూ వాంటెడ్ బిగ్. ఇంత పెద్దగా కావాలంటే ఇంత దగ్గరికి రావాలి నాన్నా. అప్పుడు కాగితంలో ఇంకెవరూ పట్టరు."

ఫారం తీసుకున్నాను. ఆర్ట్ కొట్టేసి, పై స్థాయి లెక్కలు, అదే ఎక్స్‌టెన్షన్ మ్యాథ్స్, అని రాసి, దాని కళ్ళెదుటే సంతకం పెట్టాను. మాట నిలబెట్టుకున్నాను కదా అన్నాను కూడా. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు హాయిగా ఉంది. ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు, ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో బంగారు బొమ్మ లేదు. ఆ మేకుకే మూడో బొమ్మ వేలాడుతోంది. ఇది పిల్ల పనేననుకుని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"నేనేనండీ పెట్టింది" అంది మా ఆవిడ గుమ్మంలోంచి. "మేమిద్దరం తినేశాం. మీకొక్కరికే కంచం పెట్టాను, కూర్చోండి."

అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బొమ్మకెదురుగా కూర్చుని తిన్నాను. పప్పు కావాలని అలవాటుగా చెయ్యి చాచాను. గుమ్మంలో ఎవరూ లేరు.