బియ్యం మీద అరచేతి అచ్చు

జోహరాబీకి అనుమానం రాని వస్తువు లోకంలో లేదు. పాలవాడి పాలు, మేస్త్రి తూకం, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి, అన్నీ అనుమానమే. గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తూ, మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు వాసింని పెంచుకొచ్చింది. ఎవరినీ నమ్మలేదు కాబట్టే నెగ్గుకొచ్చానంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు.

వాసిం భార్య నజ్మీన్‌కు ఎనిమిదో నెల వచ్చేసరికి డబ్బాలో బియ్యం తొందరగా తరిగిపోవడం మొదలైంది. కోడలు పుట్టింటికి చేరవేస్తోందని జోహరాబీ ఖాయం చేసుకుంది. అడగలేదు. ఒకప్పుడు తన అత్త తన మీద వాడిన ఉపాయమే వాడింది. బియ్యం చదును చేసి, పైన అరచేతిని గట్టిగా అదిమి, మూత పెట్టి పనికి పోయింది. సాయంత్రం చూస్తే అచ్చులో సగం వేళ్ళు లేవు.

మర్నాడు తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే తిరిగొచ్చి, పెరటి తలుపు సందులోంచి తొంగి చూసింది. నజ్మీన్ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. డబ్బా పక్కన కూలబడి పచ్చి బియ్యం పిడికెడు నోట్లో పోసుకుని కరకరా నములుతోంది.

"నేను అన్నం పెట్టట్లేదా ఏంటే? నలుగురూ చూస్తే నన్నేమనుకుంటారు?"

"ఆపుకోలేకపోతున్నా అత్తమ్మా. నోరు లాగేస్తంది" అని నజ్మీన్ ఏడ్చింది.

ఆ సాయంత్రం, కడుపుతో ఉన్నవాళ్ళను చూడ్డానికి ఇళ్ళకొచ్చే నర్సు సౌజన్యకు ఈ సంగతి చెప్పి, కోడలికి నాలుగు చీవాట్లు పెట్టిద్దామనుకుంది జోహరాబీ. సౌజన్య చీవాట్లు పెట్టలేదు. నజ్మీన్ కంటి కింది రెప్ప లాగి చూసి, "తెల్లగా పాలిపోయిందే! రక్తం బాగా తగ్గినవాళ్ళకే ఇలా పచ్చిబియ్యం మీద మనసు పోతుంది. ఐరన్ మాత్రలు ఇచ్చానుగా, వేసుకోవట్లేదా?" అంది.

నజ్మీన్ తల దించుకుంది. మాత్రలు కారం డబ్బా వెనకున్నాయి. విరేచనం నల్లగా అవుతోందని కోడలు చెప్పిన రోజునే, బిడ్డ కూడా నల్లగా పుడుతుందనీ, ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మతలబు ఉంటుందనీ వాటిని అక్కడ దాచింది జోహరాబీ. సౌజన్యకూ అదే మాట చెప్పింది.

"నలుపు కాదు, ప్రాణం సంగతి చూడండి. కాన్పులో రక్తం పోతే ఈ పిల్ల తట్టుకోలేదు. రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అంది సౌజన్య.

ఆసుపత్రిలో పరీక్ష చేసి రక్తం ఎక్కించాలన్నారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఇస్తే మంచిదన్నారు. వాసిం చొక్కా చెయ్యి పైకి మడిచాడు. జోహరాబీ అతన్ని వెనక్కి లాగింది.

"బస్తాలు మోసేవాడివిరా, పడిపోతావు. నాది తీయించుకుంటా. ఇదిగో బాబూ, నా కళ్ళముందే తీసి, నా కళ్ళముందే దానికి ఎక్కించాలి."

రక్తనిధిలో పనిచేసే ఆదాం నవ్వాడు. "మీది ఇంకెవరికో పోతుందమ్మా. ఆమెకు సరిపడే గ్రూపు మేమిస్తాం."

"చూశావుగా వాసిం! అమ్ముకుంటారని నేను చెప్పలా?"

అయినా వేలు చాపింది. ఆదాం సూదితో గుచ్చి, ఒక్క చుక్కను నీలం నీళ్ళున్న గ్లాసులో వేశాడు. చుక్క మునగలేదు. పైనే తేలింది.

"చుక్క మునగాలి. మీ రక్తం పనికిరాదమ్మా. మీకే తక్కువగా ఉంది."

"నీ నీళ్ళలోనే ఏదో ఉంది. నా కొడుకుది వెయ్యి."

వాసిం చుక్క గులకరాయిలా అడుక్కు దిగింది.

"ఏదీ, నీది వెయ్యి."

ఆదాం విసుక్కోకుండా తన వేలు కూడా గుచ్చుకున్నాడు. అతని చుక్కా మునిగింది.

జోహరాబీ గ్లాసులోకి వంగి చూసింది. మిరపకాయల ఘాటుకనుకున్న కళ్ళు తిరగడం, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాసిం కడుపులో ఉన్నప్పుడు గోడ మట్టి గీరుకుని తిన్నదీ గుర్తొచ్చింది. పచ్చిబియ్యం తిన్నదీ, అరచేతి అచ్చు చెదిరిందని అత్త అందరి ముందూ దొంగ అన్నదీ గుర్తొచ్చింది. అప్పుడు తన కంటి రెప్ప లాగి చూసిన మనిషి లేదు. ఆ దొంగ మాట తన కోడలికీ తగిలిస్తున్నానని తలచుకుంటే ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"తియ్యి బాబూ, వాడిది తియ్యి. ఎవరికైనా పోనియ్" అంది.

నజ్మీన్ రక్తం ఎక్కించుకుని ఇంటికొచ్చాక జోహరాబీ కారం డబ్బా వెనకనుంచి మాత్రలు తీసింది. ఒకటి కోడలి చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత, తన పరీక్ష చూసి డాక్టరు తనకూ రాసిచ్చిన మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మొహం తిప్పుకుంది.

నజ్మీన్ మంచం మీద లేచి కూర్చుంది. "ఏదీ, నోరు తెరవండి అత్తమ్మా. నాలిక కింద చూడాలి."

"నన్నే అనుమానిస్తన్నావే?" అంటూనే జోహరాబీ నోరు తెరిచింది.