ఒకే డోర్ నంబరు, తొమ్మిది మంది

క్షయ రోగులు మందులు సరిగ్గా మింగుతున్నారో లేదో చూసే ఉద్యోగం నాది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ బండి మీద తిరగాలి. కొన్నేళ్ల క్రితం మా ఆఫీసుకు లెక్కలు చదువుకున్న ఒక అమ్మాయి వచ్చింది. రోగుల చిరునామాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, జబ్బు ఇప్పుడు ఎక్కడుందో, రాబోయే నెలల్లో ఎటు పాకుతుందో మ్యాపు గీసింది. అందులో ప్రొద్దుటూరులోని ఒక మగ్గాల వీధి ఎర్రగా ఉంది. జబ్బు అక్కడి నుంచి జమ్మలమడుగు వైపు పోతుందని ఆమె అంచనా. పులివెందుల దగ్గర తొండూరు చుట్టుపక్కల ఊళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.

నాకు ఆ తెలుపు మీద నమ్మకం కుదరలేదు. ఆ వైపు బస్సుల్లో దగ్గే మనుషుల పక్కన నేను చాలాసార్లు కూర్చున్నాను.

ఎర్ర వీధిలో చిన్న ఎక్స్‌రే మిషను పట్టుకుని మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. ఒక్క కొత్త రోగీ దొరకలేదు. చివరి రోజు ఒక నేతగాడు మగ్గం ఆపి, "మా వీధి మీదనే ఎందుకు పడినారు సార్? మా పేర్లు ఎవురు రాసిచ్చినారు?" అని అడిగాడు.

ఆఫీసుకు వచ్చి రిజిస్టరు తీశాను. ఆ వీధిలో తొమ్మిది మందికి ఒకే డోర్ నంబరు. ఏ ఇద్దరి ఇంటిపేరూ కలవదు. లేని రోగుల్ని రాసి మందులు బయటికి దాటిస్తున్నారేమోనని నా అనుమానం మందులిచ్చే ఉద్యోగి మీదికి పోయింది. అతను అన్నానికి పోయినప్పుడు స్టాకు లెక్కపెట్టాను. ఒక్క మాత్ర తేడా లేదు. ఎవరు చెప్పారో ఏమో, ఆ సంగతి అతనికి తెలిసింది. ఆ తర్వాత నాతో ముఖం చూసి మాట్లాడలేదు.

ఇక ఆ ఇంటికే పోయాను. ముందు గదిలో ఒకామె కుట్టు మిషను దగ్గర కూర్చుని జాకెట్టు కుడుతూ ఉంది. యాభై ఏళ్లుంటాయి.

"ఈ తొమ్మిది మంది యాడుండారక్కా?" అని పేర్లు చదివాను.

"మా చుట్టాలే. ఊరికి పోయినారు."

"తొమ్మిది మందీనా?"

ఆమె మిషను ఆపలేదు. వెనక బీరువా తలుపు సగం తెరిచి ఉంది. జాకెట్టు గుడ్డల మూటలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక మూటలోంచి మాత్రల అట్ట అంచు కనిపించింది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, లేచి బీరువా మూసింది.

"మాత్రలు అమ్ముకుంటాండావా?" అన్నాను.

ఆ మాట ఆమెకు తగిలింది. అప్పుడు చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట ఆమెకే ఈ జబ్బు వచ్చింది. మాస్కు కట్టుకున్న ఆరోగ్య కార్యకర్త ఒకరు వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచాక, అత్తగారింట్లో ఆమె చెంబు వేరైంది, పక్క వేరైంది. చివరికి తనే ఇక్కడికి వచ్చేసింది. ఆస్పత్రిలో తనలాగే భయపడే ఆడవాళ్లు కనిపిస్తే, సొంత ఇంటికి బదులు ఈ చిరునామా రాయించమనేది.

"జాకెట్టు కుట్టించుకునేకి వస్తాండారని ఇంట్లో చెప్తారు. ఆస్పత్రిలో తెచ్చుకున్న మాత్రలు నా దగ్గర దాచిపెడ్తారు. వారానికి సరిపోయేవి గుడ్డలో చుట్టిస్తా. ఎవురూ మానలేదు. నువ్వు వాళ్లిండ్లకు పోయినావంటే మానుతారు."

ఆ ఆడవాళ్లంతా తొండూరు వైపు ఊళ్ల నుంచే వస్తారట. అయితే మ్యాపులో ఎరుపు ఈ వీధిది కాదు. తెల్లగా ఉన్న ఊళ్లదే. ఆ ఇళ్లలో పిల్లల్ని చూడాలని, వాళ్లకు రాకముందే మందివ్వాలని బతిమాలాను. ఆమె నన్ను నమ్మలేదు. చాలాసేపటికి ఒక్క ఊరి పేరు చెప్పింది. తొండూరు దగ్గర పెద్ద రైతుల ఇల్లు, ఇద్దరు పసిపిల్లల తల్లి.

మామూలు చొక్కా వేసుకుని, సంచీ లేకుండా పోయాను. ఆ ఇంటి పెద్దాయన, ఆమె మామ, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చీనీకాయల బేరానికి వచ్చానన్నాను. మాటల్లో మాటగా పిల్లలు బాగున్నారా, దగ్గు గిగ్గు ఏమన్నా ఉందా అని అడిగాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"కాయల బేరానికి వచ్చినోనివి తోట యాడుండాదని అడగలా. పిల్లోళ్లు దగ్గుతాండారా అని అడుగుతాండావు. ఎవురప్పా నువ్వు?"

గడపలో నిలబడిన కోడలి ముఖం పాలిపోయింది. ఏదో సర్దిచెప్పి బయటపడ్డాను.

ఆ వారం ఆమె మాత్రలకు రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. జాకెట్లు కుట్టే ఆమె, "నేను చెప్పలా?" అని ఒక్క మాటే అంది. ఒక మనిషి మందు నా చేతులతో ఆపించానన్న బాధ కంటికి కునుకు రానివ్వలేదు.

మూడో వారం ఆ పెద్దాయనే కోడల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు ఆస్పత్రికి వచ్చాడు. నేను పోయిన రోజే కోడల్ని నిలదీశాడట, ఆమె అంతా చెప్పేసిందట. నన్ను పక్కకు పిలిచి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకు శానా నెలలుగా దగ్గుండాది. పులివెందల్లో టానిక్కులు తాగుతాండా. నా నుంచే వచ్చిందేమో ఆ పిల్లకు. చూడు. మా ఊరి పేరు మాత్రం రాయొద్దు."

ఆయన కఫం పరీక్షలో జబ్బు బయటపడింది. పిల్లలకు రాలేదు. వాళ్లకు ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టాం. కోడలు వదిలేసిన మందు మళ్లీ అందుకుంది. ఊరి పేరు రాయక తప్పదన్నాను. ఇల్లు తెలిసేలా ఏదీ రాయనని, మందు నేనే తెచ్చిస్తానని మాటిచ్చాను. ఆయన ఒప్పుకోలేదు, అలాగని వెళ్లిపోనూ లేదు.

మ్యాపులో తెల్లగా ఉన్న చోట మొదటి చుక్క పడ్డ రోజు, దాన్ని గీసిన అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కడ కేసులే లేవు కదా. తప్పుగా ఎక్కించారా?" సంగతంతా చెప్పాను, ఎవరి పేరూ ఎత్తకుండా. ఆమె అంచనా మొత్తం మళ్లీ వేయాలంది.

ఆ ఇంట్లో ఇద్దరికీ జబ్బు నయమైంది. పెద్దాయన ఇప్పటికీ బస్టాండులో నేను కనిపిస్తే ముఖం తిప్పుకుంటాడు. జాకెట్లు కుట్టే ఆమె ఆ తర్వాత నాకు చెప్పకుండా ఇల్లు మారింది. కొత్త రిజిస్టరులో వేరే వీధిలో ఐదుగురికి ఒకే డోర్ నంబరు కనిపించింది. నేనా ఇంటికి పోలేదు. మందులకు ఆస్పత్రికి వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, "ఇల్లు చెప్పొద్దు, ఊరు చెప్పండి చాలు" అన్నాను. ముగ్గురు చెప్పారు.