బ్లీచింగ్ వాసన

ఆమెకు చెయ్యి ముందు, నోరు తర్వాత. నీళ్ళ ప్లాంటులో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. అదంతా గౌరవమనుకునేరు, సగం భయం. పంపు గదిలో చెయ్యి పట్టుకున్న కాంట్రాక్టరు మనిషిని ఇసుక కుప్పలోకి తోసి, వాడు లేచేలోపే పార తిరగేసింది. మొగుడు తాగొచ్చి ఒక్కసారే చెయ్యెత్తాడు. రెండోసారి ఎత్తడానికి అతను ఆ ఇంట్లో లేడు.

అంతటి మనిషీ తమ్ముడి దగ్గర మాత్రం వెన్నముద్ద. అమ్మా నాన్నా పోయాక, ఆ ప్లాంటు కట్టే రోజుల్లో, వాణ్ణి చంకనేసుకుని కూలికొచ్చింది. తను కాంక్రీటు తట్టలు మోస్తుంటే వాడు ఖాళీ సిమెంటు సంచుల మీద పడుకునేవాడు. సైటులో డ్రమ్ము నీళ్ళు ఎక్కడివో, ఎలాంటివో ఎవరికీ తెలీదు. అందుకని ముందు తను తాగేది. కాసేపు చూసుకుని, కడుపులో ఏమీ తిప్పకపోతే అప్పుడు వాడికి పట్టేది. వాణ్ణి కొట్టబోయిన మేస్త్రీ గడ్డం మీద మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. ఊళ్ళో అంతమంది మీద పడ్డ ఆ చెయ్యి తమ్ముడి మీద ఏనాడూ పడలేదు.

ప్లాంటు పూర్తయ్యాక ఆమె అక్కడే హెల్పరుగా చేరింది, తర్వాత వాల్వులు తిప్పే ఆపరేటరైంది. నీళ్ళు బ్లీచింగ్ కంపు కొడుతున్నాయని ఎవరైనా గేటు దగ్గరికొచ్చి గొడవపడితే ఆమె దగ్గర ఒకటే జవాబు.

"వాసనొస్తోందంటే పురుగు చచ్చినట్టే. మంచిదే. నోర్మూసుకుని తాగండి."

ఆ మాట ఊరంతా పాకింది. చంటిపిల్లల తల్లులు కూడా కుళాయి కింద చెయ్యి పెట్టి వాసన చూసి, ఉంటేనే బిందె పెట్టేవాళ్ళు. చివరికి ఆ మాటే ఆమె పక్కటెముకలు విరగ్గొట్టింది.

ఊరు పెరిగింది, ప్లాంటు చాలలేదు. కొత్త ఫిల్టర్లు, కొత్త ట్యాంకు కట్టారు. పాత గొట్టాన్ని కోసి కొత్తదానికి కలపడానికి ఊరికి నీళ్ళు ఆపారు. రెండు రోజులన్నది సాగి సాగి వారమైంది. ఎండలు చూస్తే నిప్పులు చెరుగుతున్నాయి. ఇక ట్యాంకు కడగడమొక్కటే మిగిలింది. కొత్త ట్యాంకును ఊరికే నీళ్ళతో కడిగితే సరిపోదు. నిండా నీళ్ళు పెట్టి, మామూలుగా వేసేదానికి ఎన్నో రెట్లు బ్లీచింగ్ కలిపి, ఒక పూటంతా నిలవబెట్టి, ఆ నీళ్ళన్నీ బయటికి వదిలెయ్యాలి. అవి పెద్దవాళ్ళు తాగితే వాంతులవుతాయి, చంటిబిడ్డ తాగితే గొంతు కాలిపోతుంది. ఇంజనీరు ఆటోకి మైకు కట్టించి వీధి వీధికీ చెప్పించాడు. దాహంతో ఉన్న ఊరికి మైకు మాటలు చెవికెక్కుతాయా!

ఆ మధ్యాహ్నం పెద్దక్క ట్యాంకు ఖాళీ చేసే వాల్వు తిప్పింది. గేటు పక్కన మురుగు కాలువలోకి నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ దూకాయి. ఖాళీ బిందెతో పోతున్న ఒకావిడ గట్టున నిలబడిపోయింది.

"ఓరి నాయనో! మన గొంతులెండబెట్టి, నీళ్ళు కాలువ పాలు చేస్తున్నారు!"

అంతే. ఇళ్ళలోంచి జనం విరుచుకుపడ్డారు. మొదటి రాయి వాచ్‌మన్ నుదురు పగలగొట్టింది. గేటు గొలుసు తెగింది. "అవి తాగే నీళ్ళు కావయ్యా, వినండి" అంటూ ఇంజనీరు చేతులు జోడించి ఎదురొచ్చాడు. ఎవడో కాలరు పట్టి కిందికి లాగాడు. ఆ తర్వాత ఆయన మాట వినపడలేదు, తన్నుల చప్పుడే వినపడింది. ఆయన కళ్ళజోడు చెప్పుల కింద పొడైపోయింది.

కాలువలో బిందె ముంచుతున్న ఆవిడ చేతిని పెద్దక్క కాలితో తన్నింది. లేచేసరికి చెంప ఛెళ్ళుమనిపించింది.

"తాగితే చస్తావే!"

"వాసన చూడవే! బ్లీచింగ్ వాసనేగా! వాసనొస్తే మంచిదని ఇన్నాళ్ళూ మాకు చెప్పింది నువ్వు కాదూ?"

పెద్దక్కకు నోరూ చెయ్యీ రెండూ ఆడకపోవడం జీవితంలో అదే మొదటిసారి. ఆ సందులో కర్ర వచ్చి పక్కటెముకల మీద పడింది. రెండోది వీపు మీద. ఇనుప బకెట్ అంచు తగిలి కనుబొమ్మ చీలింది. ఆమె కూడా ఊరుకోలేదు. అందిన చెయ్యి కొరికింది, అందిన జుట్టు ఊడబెరికింది, ఒకడి ముక్కు నెత్తితో పగలగొట్టింది. కానీ ఊరంత మందిని ఎంతసేపని కొడుతుంది, కింద పడిపోయింది.

"మా అక్క మీద చెయ్యేస్తే నరుకుతా!"

తమ్ముడు. నలుగురిని ఈడ్చి అవతల పారేసి, అక్కను లేపి గోడకు ఆనించాడు. వాడి పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

"అక్కా, ఊరి వాల్వు తిప్పెయ్. మా పాపకు పాలు కలపడానికి చుక్క నీళ్ళు లేవు."

"ఇవాళ కాదు నాన్నా. రేపు."

"రేపటిదాకా అదుండొద్దూ!"

"ఒరేయ్, ట్యాంకులో ఇంకా ఆ బ్లీచింగ్ నీళ్ళే ఉన్నాయి, విషం రా."

"నాకు కూడా ఇదే కథా?" అన్నాడు వాడు. ఆమె పక్కన పడున్న, వాల్వు తిప్పే ఇనుప రాడ్డు తీసుకుని ఊరికి పోయే గొట్టం దగ్గరికి పరుగెత్తాడు.

రాడ్డును వాల్వు గుంతలో దించి తిప్పడం మొదలెట్టాడు. జనం ఈలలేశారు. పెద్దక్క నేల మీద పాకింది. గొట్టాలు బిగించే పెద్ద పానా చేతికి తగిలింది. దాన్ని రెండు చేతులా ఎత్తి వాడి మణికట్టు మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు ఈలల్లో కూడా వినపడింది. వాడు అక్క వైపు అలా చూశాడు, అంతే. రెండో చెయ్యి ఇంకా రాడ్డు మీదే ఉంది. ఆ చేతిని కూడా కొట్టింది.

వాడు పడిపోయాక ఆమె రాడ్డు మీద వాలి, ఒక్కో చుట్టుకూ కేక పెడుతూ వాల్వు మూసేసింది. ఆ తర్వాత దాన్ని కావలించుకుని కూలబడింది. పోలీసు జీపు వచ్చినా కొట్టినవాళ్ళు కొడుతూనే ఉన్నారు, ఆమె వదల్లేదు. అప్పుడెవరో కాలువ వైపు చూసి ఆగమన్నారు. కప్పలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. జనం ఎక్కడి కర్రలు అక్కడ పడేసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు ట్యాంకులో కొత్తనీళ్ళు నింపి, పరీక్ష చేసి, ఊరికి వదిలారు. పెద్దక్క ఆసుపత్రి మంచం మీద ఉండలేకపోయింది. ఛాతీకి కట్టుతోనే తమ్ముడింటికి వెళ్ళింది. వాడు గడప మీద కూర్చున్నాడు. ఒక చేతికి సిమెంటు కట్టు, రెండో చెయ్యి వాచి ముద్దయింది. లోపల పాప ఏడుస్తోంది. మరదలు కుళాయి తిప్పి, గిన్నెలో నీళ్ళు పట్టి, వాసన చూసింది.

"వదినా, వాసనొస్తోంది. పాలు కలపనా?"

పాత జవాబు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"నిన్న కూడా వాసనే వచ్చింది," అన్నాడు తమ్ముడు. ఆమె వైపు చూడకుండానే, "ముందు నువ్వు తాగు" అన్నాడు.

ఆమె గ్లాసు నిండా పట్టుకుని గడగడా తాగేసింది. మరదలు పాలపొడి డబ్బా అందుకోబోయింది.

"ఆగు," అన్నాడు వాడు పెళ్ళాంతో. "కాసేపు చూద్దాం."

పెద్దక్కకు దెబ్బలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. ఏడుపు తన్నుకొచ్చింది, పక్కటెముకలు ఏడవనివ్వలేదు. వాడికెదురుగా నేల మీద కూర్చుంది. వాడు ఇప్పుడు ఆమె మొహంలోకి చూశాడు, చూపు మళ్ళించలేదు. సైటులో డ్రమ్ము పక్కన తను కడుపు పట్టుకుని కూర్చుంటే, ఒళ్ళోంచి అలాగే కళ్ళప్పగించి చూసేవాడు. లోపల పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఎండ గడప దాటి వీధిలోకి జరిగింది.

ఆమెకేమీ కాలేదు.

"ఇక పాపకు పట్టు," అన్నాడు వాడు.