బక్కమ్మ అడిగిన పేజీ

సుగుణ తన నోటుబుక్కు పోయిందని గమనించేసరికి సగం ఊరు దాన్ని చూసేసింది.

రఘునాథపల్లిలో బస్సు దిగి షేర్ ఆటోలో ఇంకో ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే ఆమె ఊరు. వరంగల్ సుబేదారిలో ఒక జిరాక్సు షాపులో పని. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, భర్త పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. పక్కవాళ్లు సీరియళ్ల ముచ్చట పెడితే ఆమె చెవిన పడేది కాదు. ఆమెకు మాయాద్వీపాలు కావాలి, శాపాలు కావాలి, మాట్లాడే గుర్రాలు కావాలి. లైబ్రరీలో తెచ్చుకున్న నవలలు బస్సులో చదివి, చదివింది పక్కసీటు వాళ్లకు అంటగట్టేది. ఎవరికి ఏ పుస్తకం పడుతుందో ముఖం చూసి చెప్పేది. అత్తతో పొసగని కోడలికి మంత్రగత్తె గెలిచే నవల ఇచ్చేది, పరీక్ష తప్పిన పిల్లకు అడవిలో దారి తప్పిన రాజకుమారిని ఇచ్చేది. వాళ్లు చదివి ఇంకోటి చెప్పమంటే చాలు, ఆ పూట ఆమెకు అన్నం కూడా గుర్తుకు రాదు.

ఇతరులు రాసినవి చాలక తానే ఒకటి మొదలుపెట్టింది. మొదలుపెట్టడం బాగానే ఉంది గానీ, అందులోనే ఒక తెలివితక్కువ పని చేసింది. రాజ్యాన్ని కల్పించగలిగింది, మనుషుల్ని కల్పించడం ఆమె చేత కాలేదు. మంత్రి అని రాస్తే పెన్ను కదలదు. తమ ఊరి నర్సయ్య పేరు రాస్తే ఆ నడక, ఆ దగ్గు, మీసం దువ్వుకుంటూ మాట్లాడే తీరు అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. అందుకని ఊళ్లోవాళ్ల పేర్లే పెట్టేసుకుంది, సాపు రాసేటప్పుడు మారుద్దాంలే అని. మొదటి పేజీలో కోట పటం గీసింది. చూసినవాళ్లెవరైనా మన వాడలే అంటారు. రెండో పేజీలో పేర్ల జాబితా. కథలో చచ్చినవాళ్ల పేరు మీద ఎర్ర ఇంటూ, మంత్రగత్తె నిద్రలో ముంచినవాళ్ల పేరు చుట్టూ ఎర్ర సున్నా. కోటవాకిలి కాపలాదారు సాంబయ్య చుట్టూ సున్నా ఉంది.

అసలు సాంబయ్య రెండు వారాలుగా జ్వరంతో మంచంలో ఉన్నాడు. మూడు రోజుల నుంచి పెళ్లాం బక్కమ్మను కూడా గుర్తుపట్టడం లేదు. సుగుణ ఆ సున్నా చుట్టింది రెండు నెలల కింద. ఆ మాట ఎవరికి చెప్పి నమ్మించాలి?

శనివారం ఆమె పుస్తకం మరిచిపోయింది యాకయ్య ఆటోలో. ఎవరిదో చూద్దామని తెరిచిన యాకయ్యకు జాబితాలో మూడో పేరు తనదే కనబడింది. చెమటలు పట్టి తిన్నగా నర్సయ్య దగ్గరికి పోయాడు. నర్సయ్య ఊరికి పెద్దమనిషి. సాంబయ్యకు ఎవరో చేతబడి చేశారనీ, దవాఖానకు తీసుకుపోతే డబ్బులు దండుగ అనీ, పక్క మండలం నుంచి మంత్రగాణ్ణి పిలిపించాలనీ వారం నుంచి ఆయన అంటూనే ఉన్నాడు. ఇప్పుడు రుజువు నడిచొచ్చి ఆయన చేతిలో పడింది.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందర సుగుణను నిలబెట్టారు. చేతబడి చేసిందన్న ఆడవాళ్లను ఏం చేస్తారో ఆమె పేపర్లో చదివింది. కరెంటు స్తంభానికి కట్టడం, పళ్లు రాలగొట్టడం. ఆమె ఫోను ఎవరో ముందే గుంజుకున్నారు.

అది ఉత్త కథ అని చెప్పింది. కథయితే మా పేర్లెందుకని అడిగారు. పేర్లుంటేనే తనకు మనుషులు కనబడతారంది. ఆ జవాబు విని జనం ఇంకో అడుగు దగ్గరికొచ్చారు. ఇక వేరే దారి లేక, చదివి వినిపిస్తాను, విన్నాక మీ ఇష్టమని బతిమాలింది. నర్సయ్య వద్దన్నా వెనకనున్న ఆడవాళ్లు చదవనీయమన్నారు.

కథ మొదటి నుంచి అందుకుంది. నాలుగు పేజీలు అయ్యేసరికి గుసగుసలు ఆగాయి. మంత్రి సభలో దగ్గి దగ్గి తీర్పు మరిచిపోయే చోట ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సయ్య ముఖం మాడిపోయింది. గండం గడిచిందనే అనుకుంది సుగుణ. లోపల ఎక్కడో కాస్త గర్వం కూడా కలిగింది, నిజం చెప్పాలంటే. ఆ గర్వంలో ఎక్కడ ఆపాలో చూసుకోలేదు. కాపలాదారు కళ్లు మూతపడే పేజీ చదివేసింది.

బక్కమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. రెండు వారాలుగా దువ్వని తల, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. తిడుతుందనుకుంది సుగుణ. బక్కమ్మ తిట్టలేదు, సుగుణ చెయ్యి పట్టుకుంది.

"చెల్లే, పండవెట్టింది నువ్వే గదా. నువ్వే లేపు. గా కింది పేజీ ఖాళీగనే ఉంది, లేచిండని రాయి."

"అక్కా, నేను రాస్తె లేవడక్కా. గిది కథ."

"రాయకపోతె సస్తడు. రాయి."

ఎవరో పెన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. రాసినా సాంబయ్య చస్తే చంపింది తానే. బతికితే మంత్రగత్తెనని తన చేత్తో తాను ఒప్పుకున్నట్టే. రాయకపోతే, కుర్రవాళ్ల చేతుల్లో అప్పటికే రాళ్లున్నాయి. ఎటు పోయినా తనకు దారి లేదని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది. తెలిశాక, ఒక్క సాంబయ్యకు మాత్రం దారి ఉందని తోచింది. పంచాయతీ అరుగు మీద కూర్చుని రాసింది. రాసి, అందరికీ వినబడేలా చదివింది.

"కాపలాదారు నిద్ర ఈ కోటలో వదలదు. ఈ రోజు పొద్దు వాలకముందే అతణ్ణి ఓరుగల్లు పెద్ద వైద్యశాల గడప దాటించాలి. అక్కడి వైద్యులు చెప్పినంత కాలం అక్కడే ఉంచాలి. మధ్యలో మంత్రం వేసేవాడెవడు ముట్టినా ఆ కళ్లు ఇక తెరుచుకోవు."

యాకయ్య అడిగాడు, రాసింది రాసినట్టు అయితదా అని.

పొద్దుటి నుంచి కాదు కాదు అన్న నోటితోనే ఆమె అంది, "అయితది."

నర్సయ్య ఏదో అనబోయాడు గానీ, మంత్రగాడి మాట ఎత్తడానికి ఆయనకే భయమేసింది. పావుగంటలో యాకయ్య ఆటో కదిలింది. జ్వరం మెదడుకెక్కిందనీ, ఇంకొక్క రోజైతే చేసేదేమీ ఉండేది కాదనీ వరంగల్ డాక్టర్లు చెప్పారు. ఆరో రోజు సాంబయ్య బీడీ అడిగాడు. మూడు వారాలకు తన కాళ్ల మీద నడిచి ఇంటికొచ్చాడు.

సుగుణ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఆమె ఎదురొస్తే పిల్లల్ని మాత్రం లోపలికి పిలుచుకునేవారు. పాలు పోసే మనిషి చెంబు గడపలో పెట్టి తలెత్తకుండా పోయేవాడు. ఆమె రాయడం మానేసింది. మనిషి బతికాడు, అది చాలని తనకు తాను రోజూ చెప్పుకునేది. చాలాసార్లు నమ్మేది కూడా.

ఒక మధ్యాహ్నం బక్కమ్మ వచ్చింది. కొబ్బరికాయ, రవిక గుడ్డ ముందర పెట్టి కాళ్లు మొక్కబోయింది. సుగుణ వెనక్కి జరిగి, బతికించింది డాక్టర్లేనని, తాను రాసింది వాళ్ల దగ్గరికి పంపడానికేనని ఓపిగ్గా చెప్పింది. బక్కమ్మ అన్నిటికీ తలూపింది. చెల్లే అనలేదు. అమ్మా అంటోంది.

"నువ్వు చెప్పినట్టేనమ్మా. నేనెవ్వలకు చెప్ప." లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. "పుస్తకం తియ్యమ్మా. ఇంకో పేరు రాయాలె. పొలం గట్టు కాడ మా తోడికోడలు రోజు లొల్లి పెడ్తాంది. సావద్దు. జర కొన్ని దినాలు మంచంల పండాలె, గంతే."

పంచాయతీ ముందర ఊరంతా చుట్టుముట్టినప్పుడు కూడా సుగుణకు ఇంత భయం వేయలేదు. అక్కా వద్దు, పో, అనలేకపోయింది. పేరు మాత్రం అడగలేదు.

బక్కమ్మ తనే చెప్పింది.